నాడి డెబ్బై రెండు

జనగామ,
9 డిసెంబరు 1984

ముత్తన్నకు జైపాల్ నమస్కారాలు. చిలుకమ్మ వదినెనూ, నీ తమ్ముడు పోశయ్యనూ, ఆడపిల్లలిద్దరినీ మా ఇంటిల్లిపాదీ అడిగినట్టు చెప్పు. ఇక్కడ ఎవరికీ ఏ కొరతా లేదు. నువ్వు ఈపాటికి తొర్రూరు చేరి, హైదరాబాదు దవాఖాన మంచం మీద కాక నీ నులకమంచం మీద పడుకుని ఉంటావన్న నమ్మకంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

రాస్తున్నాను అంటే చెబుతున్నాను. చేతిరాత నా భార్య సరళది. వార్డులో నేను ఎడమచేత్తో తింటుంటే చూసి "గా శెయ్యికేమైంది పటేలా" అని అడిగావు. సిస్టరు రావడంతో అప్పుడు పూర్తిగా చెప్పలేదు. అరవై తొమ్మిదిలో నేను హన్మకొండలో డిగ్రీ రెండో ఏడు. జై తెలంగాణ ఊరేగింపులో ముందు వరసలో నడిచినందుకు కుడి మణికట్టు మీద లాఠీ పడింది. ఎముక వంకరగా అతుక్కుంది. కలం పడితే వేళ్ళు నిలవవు. పెళ్ళయిన నాటి నుంచి నా ఉత్తరాలు, విత్తనాల దుకాణం కాగితాలు అన్నీ సరళే రాస్తుంది. చివరికి నా సంతకం కూడా ఆమే పెడుతుంది. నాకన్నా బాగా పెడుతుంది.

నన్ను పటేలా అనొద్దని పదకొండు రోజులు చెప్పాను, నువ్వు వినలేదు. ఉత్తరంలోనైనా జైపాల్ అని రాయి.

పెద్ద డాక్టరు మన రెండు మంచాల నడుమ నిలబడి చెప్పినదంతా ఇంటికి వచ్చాక సరళకు విడమరిచి చెప్పాను. చిన్నప్పుడు ఇద్దరికీ కీళ్ళ జ్వరం వచ్చి పోయిందనుకున్నాం. పోలేదు, గుండెలో కూర్చుంది. ఇప్పుడు మన గుండె పై గదులు సరిగా కొట్టుకోవడం మాని వణుకుతున్నాయి. అందుకే నాడి ఒక గడియ ఉరుకుతుంది, ఒక గడియ తడబడుతుంది. వణికే గదిలో రక్తం నిలిచి గడ్డకడితే అది ఎటు పోతుందో చెప్పలేమన్నాడు. రోజూ మాత్రలు మింగి, వేగం తగ్గించుకుని, రక్తం పలచబడే మందు వేసుకుని, గతి తప్పిన గుండెతోనే బతకడం ఒక దారి. మత్తు ఇచ్చి ఛాతీ మీద ఒక్కసారి కరెంటు పెట్టి గతిని మళ్ళీ దారికి తేవడం ఇంకో దారి. "ఏది మంచిది సారూ" అని నువ్వడిగితే, "ఇద్దరికీ ఒక్కటే జవాబు చెప్పలేను, మీరే ఆలోచించుకోండి" అని పక్క వార్డుకు పోయాడు.

ఆలోచించడానికి నాకు ఒక పూట కూడా పట్టలేదు. రోజూ పొద్దున లేచి మాత్ర గుర్తుపెట్టుకుని బతకడం నావల్ల కాదు. నువ్వు మాత్రం "మనిషిని సంపి లేపుతరా? మా చిన్నాయిన బాయికాడ మోటరు కరెంటు కొట్టి పోయిండు. నాకు గోలీలే ఇయ్యిండ్రి" అన్నావు. చిన్న డాక్టరు నీ పని ఏమిటని అడిగాడు. తాళ్ళు గీసి కల్లు తీస్తానన్నావు. రక్తం పలచబడే మందు మీద ఉన్నవాడు తాటిచెట్టు ఎక్కకూడదు, పడితే రక్తం ఆగదు అన్నాడు. నువ్వు చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశావు. తర్వాత "పోశిగాడు ఎక్కుతడు తీ" అన్నావు. ఆ మాట అన్నప్పుడు నీ ముఖం నేను చూశాను ముత్తన్నా. 

రక్తం పలచబడే మందు నాకు ముందే మూడు వారాలు పడి ఉంది కనుక, నిన్ను ఇంటికి పంపిన మరునాడే కరెంటు పెట్టారు. నువ్వు అడుగుతావని వివరంగా రాయిస్తున్నాను. సూది వేసి ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టమన్నారు. ఏడు దాకా గుర్తుంది. కళ్ళు తెరిచేసరికి ఛాతీ మీద అరచేయంత రెండు ఎర్రటి మచ్చలు, ఎండకు కమిలినట్టు. పక్కటెముకలు ఎవరో గుద్దినట్టు నొప్పి. సిస్టరు నా చెయ్యి పట్టుకుని గడియారం చూసి నవ్వింది. డెబ్బై ఆరు, ఒక్కటీ తప్పలేదంది. ఆరేళ్ళ తర్వాత నా గుండె నాకు వినబడకుండా కొట్టుకుంది. ఉన్నట్టే తెలియలేదు. అదే ఆరోగ్యమంటే అనుకున్నాను.

అయితే నాకూ మాత్రలు తప్పలేదు. గతి నిలబడడానికి ఒకటి, రక్తం పలచబడడానికి ఒకటి. నేను చెప్పేదాకా ఆపొద్దు అన్నాడు పెద్ద డాక్టరు.

అనుకున్నట్టే రెండు మూడు నెలలకోసారి రాసుకుందాం. నీ నాడి ఎంతో నువ్వు రాయి, నాది నేను రాస్తాను. ఎవరి దారి మంచిదో చూద్దాం.

నీ పక్క మంచంవాడు,
జైపాల్


జనగామ,
17 మార్చి 1985

ముత్తన్నకు,

నీ ఉత్తరం అంది పక్షం రోజులైంది. చిలుకమ్మ వదినె మోకాళ్ళ నొప్పి తగ్గిందని తెలిసి సరళ సంతోషించింది. ఇక్కడ ఎండలు అప్పుడే ముదిరాయి.

నీకు అన్నం చూస్తే వాంతి వస్తోందని, సున్నం వేసిన గోడ కూడా పసుపు పూసినట్టు కనబడుతోందని రాశావు. చిలుకమ్మ వదినె ఎవరో ఏదో చేశారని భయపడి నిమ్మకాయలు తిప్పి పారేసిందని కూడా రాశావు. ముత్తన్నా, అది చేతబడి కాదు. వేగం తగ్గించే ఆ చిన్న తెల్ల మాత్ర ఒంట్లో ఎక్కువైతే అట్లాగే అవుతుందని డాక్టరు మన ముందే చెప్పాడు. ఆదివారం ఆ మాత్ర మానాలని చీటీ మీద రాసిచ్చాడు కదా, మానుతున్నావా? వెంటనే మానుకోట దవాఖానకు పోయి చూపించుకో. సగం చేయమంటారేమో. నీ అంతట నువ్వు ఏదీ ఆపకు.

ఈ మాట చెప్పడానికి నాకు నోరు లేదని సరళ పక్కనుంచి అంటోంది. ఎందుకంటే నేను ఆపేశాను. రెండు మాత్రలూ ఆపి నెల దాటింది. రక్తపరీక్షకు నెలనెలా వరంగల్ పోయి రావడం, సూది గుచ్చించుకోవడం, ఎందుకు? గతి నిలబడింది. నాడి డెబ్బై నాలుగు. మొన్న స్టేషను మెట్లు ఆగకుండా ఎక్కి దిగాను. పైన నిలబడి కాజీపేట వైపు పోయే బండిని చూస్తుంటే పదహారేళ్ళ కింద ఇదే బండెక్కి హన్మకొండ పోయిన పిల్లవాణ్ణే నేను అనిపించింది. సరళ ఈ మాటలు రాయనని కలం కింద పెట్టింది. బతిమాలి రాయించాను.

నువ్వు పొద్దున చెట్ల కిందికి పోయి కూర్చుంటావని, పోశయ్య మోకు వేసి పైకి పోతుంటే నీ కాళ్ళు వాటంతట అవే కదులుతాయని రాశావు. అది చదివి సరళ రెండోసారి చదవమన్నా చదవలేదు.

నాకైతే కరెంటే మంచిదనిపిస్తోంది. నీ నాడి ఎనభై ఎనిమిది, అదీ తడబడుతూ. ఇప్పటికైతే నేనే గెలిచాను.

జైపాల్


జనగామ,
7 జులై 1985

ముత్తన్నకు,

నీ ఉత్తరం జూన్ చివర అందింది. జవాబు ఆలస్యమైంది. ఏమీ అనుకోకు.

ఇక్కడ వానలు పడ్డాయి. పత్తి విత్తనాలకూ జొన్నలకూ జనం వస్తున్నారు. దుకాణం పొద్దున ఎనిమిదికి తీస్తున్నాం. పొద్దుగూకితే మూస్తున్నాం.

మాత్ర సగం చేశాక పసుపు పోయిందని రాశావు. మంచిది. అన్నం తినబుద్ధవుతోందన్నావు. మంచిది.

పోయిన వారం కాళేశ్వరం పోయి వచ్చాం. సరళ పుట్టిల్లు మహదేవపూర్ కదా, అక్కణ్ణుంచి సరళ అన్న వెంట వచ్చాడు. గోదావరిలో కొత్త నీళ్ళు వచ్చాయి, ఎర్రగా ఉన్నాయి. స్నానాలు చేశాం. తిరిగి వచ్చేటప్పుడు భూపాలపల్లి దాటాక అడవిలో బస్సు ఆగిపోయింది. అందరూ దిగి చెట్ల కింద కూర్చున్నారు. ఒక ముసలమ్మ తునికిపళ్ళు పెట్టింది. తిన్నాం. రెండు గంటలకు ఇంకో బస్సు వచ్చింది. ఎక్కాం.

నాడి ఎంతని అడిగావు. డెబ్బై రెండు. తప్పడం లేదు.

అంతా మామూలే. రాయడానికి ఎక్కువ ఏమీ లేదు.

జైపాల్


జనగామ,
19 జనవరి 1986

ముత్తన్నకు,

దసరాకు నువ్వు రాసిన కార్డుకు జవాబు ఇవ్వలేదు. మొన్న వచ్చిన ఉత్తరం నిన్నటి నుంచి నాలుగుసార్లు చదివాం.

ఫిబ్రవరి మూడో తారీకున హైదరాబాదు పోయి కరెంటు పెట్టించుకుంటానని రాశావు. "జైపాల్ పటేల్ ఏడాది సంది గుర్రం లెక్క ఉన్నడు, నేను గీడ గోలీలు మింగుకుంట చెట్ల కింద కూసున్న. భయం ఇడిసిన. మల్ల మోకు కట్టాలె" అని రాశావు. అక్కడితో ఆగితే బాగుండేది. పటేల్ బందు పెట్టినట్టే జనవరి ఒకటి నుంచి మాత్రలన్నీ బందు పెట్టానని కింద రాశావు.

ముత్తన్నా, మళ్ళీ వేసుకో. ఈ ఉత్తరం చదివి కింద పెట్టగానే మానుకోట పో. చేతిలో చీటీ పట్టుకుని పో. మూడు వారాలు విడవకుండా రక్తం పలచబడే మందు పడితే తప్ప కరెంటు పెట్టరు. ముందే గడ్డ ఉంటే ఆ దెబ్బకు కదిలి పోతుంది. నన్ను చూసి ఏదీ చేయకు.

సెప్టెంబరులో హైదరాబాదు పెద్ద డాక్టరును కలిసిన సంగతి నీకు రాయలేదు. మాత్రలు మంచివా, కరెంటు మంచిదా అని అడిగితే ఆయన తొందర పడకుండా చెప్పాడు. కరెంటు గతిని తెస్తుంది, కానీ ఏడాదిలో సగం మందికి పైగా మళ్ళీ తప్పుతుందట. మాత్రలు గతిని తేవు, కానీ గుండెను అలిసిపోనివ్వవు. దేనికి దాని బాధ దానిదే. ఇతర దేశాల్లో ఇంకొకటి మొదలుపెట్టారట. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి తీగ గుండె దాకా పంపి, పై గదుల వణుకు కిందికి దిగే దారిని లోపలే కాలుస్తారట. ఆ తర్వాత గుండెను నడిపించడానికి బతికినన్నాళ్ళూ చిన్న యంత్రం పెట్టుకోవాలట. మన దగ్గరికి అది రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో తెలియదన్నాడు. ఎప్పటికో ఒకనాడు తప్పించే చోటునే కాల్చి, యంత్రం లేకుండా మాన్పుతారేమో అన్నాడు. అప్పటిదాకా ఏ దారి పట్టినా రక్తం పలచబడే మందు మాత్రం విడవకూడదన్నాడు. ఇద్దరికీ ఒక్కటే జవాబు లేదన్నవాడు, ఈ ఒక్కటి మాత్రం ఇద్దరికీ అన్నాడు.

చెట్టెక్కాలన్న నీ కోరిక తెలుసు. ఎక్కకు. పోశయ్య ఎక్కుతాడు.

కరెంటు పెట్టించుకోవాలా వద్దా అన్నది ఆయన్నే అడుగు. నా నాడి చూసి నిర్ణయించకు.

జైపాల్


తా.క.

ముత్తన్నా, నేను సరళను.

పై సంతకం పెట్టి, ఇన్లాండు మడిచి, అంచుకు జిగురు తడి చేశాను. అంటించలేకపోయాను. దాని మీద చోటు లేదు. అందుకని నోటుబుక్కు కాగితం మీద ఇది రాసి రెండూ కవర్లో పెడుతున్నాను.

ఆయన లేరు. పోయిన జూన్ పద్నాలుగున పోయారు. జులైలో మీకు వచ్చిన ఉత్తరం, ఇప్పుడు మీరు పైన చదివినది, రెండూ నేనే రాశాను. చెప్పినవాళ్ళు ఎవరూ లేరు.

ఏప్రిల్‌లోనే ఆయన గతి మళ్ళీ తప్పింది. ఒకనాడు మధ్యాహ్నం దుకాణం నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే అరుగు మీద కూర్చుని తన మణికట్టు తానే పట్టుకున్నారు. "సరళా, మల్ల ఉరుకుతుంది" అన్నారు. డాక్టరు దగ్గరికి పోదామన్నాను. పోదాం తీ అన్నారు. రోజూ పోదాం తీ అన్నారు. "ముత్తన్నకు మాత్రం రాయకు, నవ్వుతడు" అన్నారు. నేను రాయలేదు. మాత్రలు కొని తెచ్చి పళ్ళెం పక్కన పెట్టేదాన్ని. అవి అక్కడే ఉండేవి. గట్టిగా ఒక్కసారి కూడా కొట్లాడలేదు.

జూన్ పన్నెండున పొద్దున దుకాణం షట్టరు ఎత్తుతూ కూలబడ్డారు. కుడి పక్క పడిపోయింది. నోరు వంకర పోయింది. నా పేరు పిలవబోతే ఏదో శబ్దం వచ్చింది. పక్క దుకాణం చందూలాల్ సేటు జీపు మాట్లాడాడు. వరంగల్ పోయేదాకా నన్ను చూస్తూనే ఉన్నారు. మూడో రోజు తెల్లవారి పోయారు. గడ్డ గుండెలోంచి మెదడుకు పోయిందన్నారు.

అస్థికలు కలపడానికే కాళేశ్వరం పోయాం. బస్సు ఆగింది నిజం. తునికిపళ్ళు నిజం. తిన్నానో లేదో తెలియదు, విత్తనాలు మాత్రం చేతిలో ఉన్నాయి.

మీ ఉత్తరం పదకొండో రోజున వచ్చింది. ఇంటి నిండా జనం. పటేల్ నాడి ఎంత అని మీరు అడిగారు. అందరూ పోయాక జవాబు రాయడానికి కూర్చున్నాను. పోయారని రాయాలనే కూర్చున్నాను. ఎప్పటిలాగే తారీకు వేశాను, ముత్తన్నకు అని రాశాను, ఆ తర్వాత కలం తనంతట అది పోయింది. నాడి దగ్గర ఆగింది. ఏమి రాయాలో తెలియలేదు. నా మణికట్టు పట్టుకుని, గోడ గడియారం చూసి లెక్కపెట్టాను. మీకు రాసిన డెబ్బై రెండు నాది.

నాకు ఏడుపు రాలేదు అన్నా. అప్పుడు రాలేదు, ఇప్పటికీ లేదు. సరళ గట్టిది అంటున్నారు. గట్టితనం కాదు. కాలు ముడుచుకుని చాలాసేపు కూర్చుంటే తిమ్మిరెక్కి, ఎవరి కాలో అన్నట్టు ఉంటుంది కదా, నేను మొత్తం అట్లా ఉన్నాను. దుకాణం తీస్తున్నాను, తూకం వేస్తున్నాను. ఎవరైనా నవ్వితే నవ్వుతున్నాను.

సెప్టెంబరులో డాక్టరు దగ్గరికి పోయింది నేనే. ఆ రోజు మాత్రల దారే పట్టి ఉంటే బతికేవారా అని అడిగాను. "చెప్పలేనమ్మా. కరెంటు ఆయన్ను చంపలేదు. కరెంటుతో పని అయిపోయిందనుకున్నాడు, అది చంపింది" అన్నాడు. మీ పేరు చెప్పి, ఆయన మాత్రల మీదే ఉన్నాడు అన్నాను. ఉండనివ్వండి అన్నాడు. ఆ మాట మీకు అప్పుడే రాయాల్సింది. రాస్తే మిగతాదంతా రాయాల్సి వస్తుందని రాయలేదు. అబద్ధం రాసినవాళ్ళకు నిజం రాయడం ఇంత కష్టమని నాకు తెలియదు.

మొన్న మీ ఉత్తరం చదివాక ఒక్కటి తెలిసింది. మీరు మాత్రలు ఆపింది ఆయన్ను చూసి కాదు, నన్ను చూసి. నా నాడి చూసి మీరు ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారు. అందుకే ఇంకా అంటించని కవరు ముందు కూర్చుని ఇది రాస్తున్నాను. ఈ ఉత్తరం చిలుకమ్మ వదినెకు కూడా చదివి వినిపించండి. మీరు పోనంటే ఆమె మిమ్మల్ని మెడబట్టి తీసుకుపోవాలి. నేను చేయని పని ఆమె చేయాలి.

నన్ను క్షమించమని అడగడం లేదు. తిట్టాలనిపిస్తే తిట్టండి. కానీ మాత్ర మళ్ళీ మొదలుపెట్టానని ఒక కార్డు వేయండి, రెండు ముక్కలు చాలు.

పోస్టుమ్యాన్‌కు సంగతి తెలిసినా అలవాటు కొద్దీ వాకిట్లో నిలబడి "జైపాల్ పటేల్" అని ఆయన పేరే పిలుస్తాడు. నేనే లేచి పోయి తీసుకుంటాను. ఈసారి కార్డు మీద ఆ పేరు రాయకండి.

సరళ అని రాయండి. విత్తనాల దుకాణం, స్టేషను రోడ్డు, జనగామ.